పైథాన్‌లో ఎలిమెంట్లను ఒక ఎక్స్‌ఎంఎల్ ట్రీ నుంచి మరో ట్రీలోకి మార్చడం

ఈ పని మొదలుపెట్టే ముందు మీరు వాడుతున్న లైబ్రరీ ఏదో చూసుకోవాలి, ఎందుకంటే ఎలిమెంటును మరో ఎలిమెంటు కింద చివర చేర్చే అపెండ్ అనే మెథడ్ ఎలిమెంట్‌ట్రీలో ఒక రకంగా, ఎల్ఎక్స్ఎంఎల్‌లో మరో రకంగా పనిచేస్తుంది.

పైథాన్‌తో పాటే వచ్చే ఎలిమెంట్‌ట్రీలో ఏ ఎలిమెంటుకూ తన పేరెంట్ (తనను లోపల ఉంచుకున్న పై ఎలిమెంటు) ఏదో తెలియదు. అందువల్ల అపెండ్ చేసినా ఎలిమెంటు పాత చోటును వదలదు. ఒకే ఆబ్జెక్టు రెండు ట్రీలలోనూ కనిపిస్తుంది, ఒకచోట దాని యాట్రిబ్యూటును మారిస్తే రెండోచోట కూడా మారిపోతుంది. నిజంగా తరలించాలంటే పాత పేరెంటు మీద రిమూవ్‌ను మీరే పిలవాలి. రిమూవ్ నేరుగా కింద ఉన్న ఎలిమెంట్లను మాత్రమే తీస్తుంది కనుక, లోతుగా ఉన్నవాటి కోసం ఐటర్‌తో ట్రీ అంతా తిరిగి, ఏ ఎలిమెంటుకు ఏది పేరెంటో చెప్పే డిక్షనరీని ముందుగా తయారుచేసుకోవాలి. ఎల్ఎక్స్ఎంఎల్‌లో ఒక ఎలిమెంటుకు ఒకే పేరెంట్ ఉంటుంది కాబట్టి అపెండ్ చేయగానే అది పాత ట్రీ నుంచి తొలగిపోతుంది. పాతది అలాగే ఉండాలంటే డీప్‌కాపీ చేసి ఆ ప్రతిని చేర్చాలి.

లూపు నడుస్తుండగా పేరెంటు నుంచి నేరుగా తీయకండి. నాలుగు ఎలిమెంట్లున్న పేరెంటు మీద ఎలిమెంట్‌ట్రీలో అలా చేస్తే ఒకటోది, మూడోది పోయి, రెండోది, నాలుగోది మిగిలిపోతాయి. ముందు లిస్ట్‌లోకి తీసుకుని, ఆ లిస్ట్ మీద లూపు నడపాలి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది టెయిల్, అంటే ఎలిమెంటు ముగింపు ట్యాగు తర్వాత వచ్చే మాటలు. ఈ వాక్యం చూడండి:

<వాక్యం>దీన్ని <ముఖ్యం>ఈ రోజే</ముఖ్యం> పూర్తి చేయాలి.</వాక్యం>

ఇక్కడ "పూర్తి చేయాలి." అన్న మాటలు చూడటానికి వాక్యానివిగా ఉన్నా, రెండు లైబ్రరీలూ వాటిని ముఖ్యం అనే ఎలిమెంటుకు టెయిల్‌గా దాచిపెడతాయి. ఆ ఎలిమెంటును తరలిస్తే ఆ మాటలు కూడా దానితో వెళ్లిపోతాయి, ఎర్రర్ ఏదీ రాదు. కాబట్టి తరలించే ముందే టెయిల్‌ను తీసి, అదే పేరెంటు కింద దానికి ముందు మరో ఎలిమెంటు ఉంటే దాని టెయిల్‌కు, లేకపోతే పేరెంటు టెక్స్ట్‌కు కలిపి, ఆ తర్వాత ఎలిమెంటు టెయిల్‌ను నన్ (None, అంటే విలువ ఏదీ లేదని పైథాన్ చెప్పే తీరు) చేయాలి. టెక్స్ట్ గానీ టెయిల్ గానీ అప్పటికే నన్ అయి ఉండవచ్చు, అలాంటప్పుడు ఖాళీ స్ట్రింగుగా తీసుకుని కలపాలి.

తరలించిన ఎలిమెంటును వదిలేసి పాత ట్రీలోని మిగతా మాటలన్నీ యథాతథంగా ఉన్నాయో లేదో ఐటర్‌టెక్స్ట్‌తో ముందూ వెనుకా సరిపోల్చిన తర్వాతే ఫైలును సేవ్ చేయండి.