స్పీకర్లలో రొద: ఏ దారిన వస్తోందో తేల్చుకుని తగ్గించడం

కంప్యూటర్‌కు కలిపిన స్పీకర్లలో ఏ పాటా మోగనప్పుడు కూడా రొద వినిపిస్తుంటే, కొత్త కేబుల్ కొనే ముందు అది ఏ దారిన వస్తోందో తేల్చుకోవాలి. ముందుగా స్పీకర్ వెనుక ఉన్న ఆడియో కేబుల్‌ను ఊడదీయండి. రొద అలాగే ఉంటే లోపం స్పీకర్‌లోనో దాని కరెంటు సరఫరాలోనో ఉంది. ఆగిపోతే ఇక చెవికి పని చెప్పాలి. ఎడతెగని గుంయ్ శబ్దం 50 లేదా 60 హెర్ట్జ్ కరెంటుదీ, దాని రెట్టింపులదీ. మౌస్ కదిపినప్పుడు, పేజీని జరిపినప్పుడు మారిపోయే కీచుధ్వని కంప్యూటర్ లోపలిది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర నిలకడగా సాగే సన్నని కూత తరచుగా యూఎస్‌బీది. ఫుల్‌స్పీడ్ యూఎస్‌బీ ప్రతి మిల్లీసెకనుకూ ఒక ఫ్రేమ్ పంపుతుంది మరి.

ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే రొద మాయమైందా? అయితే చాలా వరకు అది గ్రౌండ్ లూప్. కంప్యూటరూ స్పీకర్లూ తమ తమ ప్లగ్గుల ద్వారా ఎర్త్‌కు కలిసి ఉండగా, ఆడియో కేబుల్ షీల్డ్ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు) ఆ రెండింటినీ మళ్లీ కలపడంతో ఒక వలయం ఏర్పడుతుంది. రెండు చోట్ల ఎర్త్ వోల్టేజీలో ఉండే కొద్దిపాటి తేడాకే షీల్డ్‌లో కరెంటు పారి, ఆంప్లిఫయర్‌కు అదీ సంగీతంలాగే అందుతుంది. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెడితే ఆ తేడా తగ్గుతుంది. ఎర్త్ పిన్ను విరిచేస్తే రొద పోవచ్చు గానీ, పరికరం పాడైన రోజున దాని లోహపు పెట్టె షాక్ కొడుతుంది కనుక ఆ పని ఎన్నడూ చేయరాదు.

రెండు వైపులా బ్యాలెన్స్‌డ్ సాకెట్లు, అంటే ఒకే ధ్వనిని రెండు తీగల్లో ఒకదానికొకటి తిరగేసి పంపేవి, ఉంటే వాటికి సరిపోయే టీఆర్‌ఎస్ లేదా ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గుల కేబుల్ అన్నింటికన్నా నమ్మదగిన మందు. రెండు తీగల్లోనూ సమానంగా చొరబడిన రొద అవతలి చివర తీసివేతలో రద్దవుతుంది. అవి లేనిచోట, తీగల మధ్య నేరు కలయిక లేకుండానే ధ్వనిని దాటించే ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పనికొస్తుంది, కాకపోతే నాసిరకంది బేస్‌ను మింగేస్తుంది. ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేది వెలుగే కాబట్టి దాని ద్వారా వలయం ఏర్పడదు. యూఎస్‌బీ దారిలో అదే పని చేసే యూఎస్‌బీ ఐసోలేటర్ కొనేవారు దాని వేగం చూసుకోవాలి. చాలావాటి హద్దు సెకనుకు 12 మెగాబిట్లే (ఫుల్‌స్పీడ్), అంతకన్నా వేగమైన హై స్పీడ్ యూఎస్‌బీ కోరే ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ బయట ఉండే సౌండ్ పరికరం) వాటితో పనిచేయకపోవచ్చు. ఇక కేబుల్‌కు తగిలించే ఫెర్రైట్ ముక్క రేడియో తరంగాలను అడ్డుకుంటుంది గానీ, దానితో గుంయ్ శబ్దం తగ్గుతుందని ఆశించడం దండగ.

ఆడియో కేబుళ్లను అడాప్టర్లకు దూరంగా ఉంచి, కరెంటు తీగను దాటక తప్పనిచోట అడ్డంగా దాటించండి. కంప్యూటర్ వాల్యూమ్‌ను దాదాపు పూర్తిగా పెంచి, స్పీకర్ దగ్గర తగ్గించుకుంటే, కేబుల్‌లో చేరిన రొద కూడా ఆ మేరకు తగ్గుతుంది.