జావా యాప్ మధ్యమధ్యలో ఆగుతోందా? ఫ్లాగులు పెట్టే ముందు లాగ్ చూడండి

బాగా నడుస్తున్న యాప్ ఉన్నట్టుండి ఒక సెకను బిగుసుకుపోతే చాలామంది ఎక్కడో దొరికిన పది ఫ్లాగులు (జేవీఎంకు, అంటే జావా ప్రోగ్రామ్‌లను నడిపే ఇంజిన్‌కు, ఇచ్చే సెట్టింగులు) తెచ్చి స్టార్టప్ కమాండ్‌లో అతికించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వాటిలో చాలావరకు పాత కలెక్టర్ల (వాడని మెమరీని ఖాళీ చేసే భాగాల) కోసం రాసినవే ఉంటాయి, వాటిలో ఒకటైన సీఎంఎస్‌ను అయితే జేడీకే (జావా డెవలపర్ కిట్) 14లోనే తీసేశారు.

ముందు జీసీ లాగ్, అంటే కలెక్టర్ చేసే మెమరీ శుభ్రత (గార్బేజ్ కలెక్షన్) రికార్డు, ఆన్ చేయండి. జేడీకే 9 నుంచి ఎక్స్‌లాగ్ ఆప్షన్‌కు కోలన్ పెట్టి జీసీ, స్టార్ అని (-Xlog:gc*) ఇస్తే చాలు (స్టార్ ఉంది కాబట్టి కోట్స్‌లో పెట్టండి, లేకపోతే షెల్ దాన్ని ఇంకోలా అర్థం చేసుకోవచ్చు). దీని భారం చాలా తక్కువ, ప్రొడక్షన్‌లో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచొచ్చు. రద్దీ ఉన్న సమయం గడిచాక చూడాల్సినవి మూడు: ఒక్కో పాజ్ (జీసీ కోసం యాప్ ఆగే సమయం) ఎన్ని మిల్లీసెకన్లు, జీసీ అయ్యాక హీప్‌లో (ఆబ్జెక్టులు ఉండే మెమరీలో) ఎంత వాడకంలో మిగిలింది, ఫుల్ (హీప్ మొత్తాన్ని ఒకేసారి శుభ్రం చేసే సుదీర్ఘ జీసీ) అనే మాట ఎక్కడైనా ఉందా. పాజ్‌లన్నీ 20 మిల్లీసెకన్లలోపే ఉండి యూజర్‌కు మాత్రం సెకను ఆలస్యం కనిపిస్తోందంటే దోషి జీసీ కాదు, డేటాబేస్ వైపో లాకుల వైపో వెతకండి.

తర్వాత హీప్ సైజు. ఎక్స్‌ఎంఎక్స్ (హీప్ గరిష్ఠ సైజు) ఇవ్వకపోతే మామూలుగా మెమరీలో నాలుగో వంతే గరిష్ఠం, కంటైనర్‌లో అయితే దాని లిమిట్‌లో నాలుగో వంతు. అలాగని లిమిట్ మొత్తం హీప్‌కే రాసివ్వకండి, థ్రెడ్ స్టాకులకూ మెటాస్పేస్‌కూ (క్లాసుల సమాచారం ఉండే భాగం) చోటు కావాలి, లేకపోతే కెర్నలే ప్రాసెస్‌ను చంపేస్తుంది. సర్వర్ అయితే ఎక్స్‌ఎంఎస్ (హీప్ మొదటి సైజు), ఎక్స్‌ఎంఎక్స్ రెండూ సమానంగా ఇవ్వండి. హీప్ 32 జీబీ దాటితే పాయింటర్లు (ఆబ్జెక్టుల చిరునామాలు) 4 బైట్ల నుంచి 8 బైట్లకు పెరుగుతాయి, అందుకే 34 కంటే 31 జీబీ హీప్‌లోనే ఎక్కువ ఆబ్జెక్టులు పట్టొచ్చు.

జేడీకే 9 నుంచి సర్వర్ మెషీన్లలో డిఫాల్ట్ కలెక్టర్ జీ1. కానీ ఒకే సీపీయూ ఉన్న చిన్న కంటైనర్‌లో జేవీఎం చాలా వెర్షన్లలో చడీచప్పుడు లేకుండా సీరియల్‌ను (ఒకే థ్రెడ్‌తో పనిచేసే కలెక్టర్‌ను) ఎంచుకుంటుంది, కాబట్టి యూజ్‌జీ1జీసీ అని మీరే స్పష్టంగా రాయండి.

అసలు మీట మాక్స్‌జీసీపాజ్‌మిల్లీస్, పాజ్ ఎంతకు మించకూడదో చెప్పే ఫ్లాగ్. డిఫాల్ట్ 200 మిల్లీసెకన్లు. అది లక్ష్యమే, హామీ కాదు. ఒకేసారి 20 అని పెడితే జీ1 ఆ మాట నిలబెట్టుకోవడానికి యంగ్ జనరేషన్‌ను (కొత్త ఆబ్జెక్టుల చోటును) కుదించేస్తుంది, కలెక్షన్లు తరచూ జరుగుతాయి, సీపీయూ అంతా దానికే పోతుంది, ఈలోగా ఓల్డ్ జనరేషన్ (ఎక్కువకాలం బతికిన ఆబ్జెక్టుల చోటు) నిండిపోయి, చివరికి మీరు తప్పించుకోవాలనుకున్న ఫుల్ జీసీయే వచ్చి పడొచ్చు. 200 నుంచి 150కి, ఆపైన 100కి దించుతూ ప్రతిసారీ లాగ్ చూడండి. ఎక్స్‌ఎంఎన్ మాత్రం ఇవ్వకండి, యంగ్ సైజు బిగించేస్తే జీ1కి సర్దుకునే వీలే ఉండదు.

లాగ్‌లో హ్యూమంగస్ అని పదేపదే కనిపిస్తే రీజియన్‌లో (జీ1 హీప్‌ను విడగొట్టే సమాన ముక్కలో) సగం లేదా అంతకు మించిన ఆబ్జెక్టులు పుడుతున్నాయని అర్థం. జీ1హీప్‌రీజియన్‌సైజ్ పెంచండి, వీలైతే ఆ పెద్ద బఫర్లనే చిన్నవి చేయండి.

ఇంతా చేసి పాజ్‌లు ఇంకా తగ్గాలంటే జెడ్‌జీసీ అనే మరో కలెక్టర్‌కు మారండి. జేడీకే 21లో జెడ్‌జనరేషనల్ ఫ్లాగ్ కూడా ఇవ్వాలి, 23 నుంచి జెడ్‌జీసీలో ఆ జనరేషనల్ పద్ధతే డిఫాల్ట్. పాజ్‌లు మామూలుగా మిల్లీసెకను లోపే ఉంటాయి, బదులుగా సీపీయూ, మెమరీ కాస్త ఎక్కువ అడుగుతుంది. రాత్రిపూట నడిచే బ్యాచ్ పనికైతే ఇదంతా అనవసరం, ప్యారలల్ కలెక్టర్ చాలు.

జీసీ అయ్యాక వాడకంలో మిగిలే అంకె రోజురోజుకీ పెరుగుతూనే ఉంటే మాత్రం ఏ ఫ్లాగూ ఆదుకోదు. అది లీక్. హీప్ డంప్ (ఆ క్షణంలో హీప్‌లో ఉన్నదాని కాపీ) తీసి ఎవరు దేన్ని వదలకుండా పట్టుకున్నారో చూడండి, హద్దు పెట్టని క్యాష్‌ల దగ్గర మొదలుపెట్టండి.