డోసు పెంచే ముందు: ఇన్సులిన్ వాడేవాళ్లకు సమస్య - పరిష్కారం

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడిలో ఇన్సులిన్ రెండు దారుల్లో ఇల్లు చేరుతుంది. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే సీసా ఒకటి. శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లినప్పుడు కొని తెచ్చుకునే ఇన్సులిన్ పెన్ను ఇంకొకటి. చీటీలు కూడా అంతే, ఒకటి ఒడియా డాక్టరుది, ఒకటి తెలుగు డాక్టరుది. నాకు టైప్ 1 షుగరు పన్నెండో ఏట వచ్చింది. అప్పటినుంచి ఇరవై ఆరేళ్లుగా సూది మీదే ఉన్నాను. షుగరు పెరిగినప్పుడల్లా డోసు పెంచడమే మా ఇంట్లో చాలాకాలం తెలిసిన వైద్యం. తీరా చూస్తే తప్పు చాలాసార్లు డోసులో లేదు. అందుకే ముందు ఇవి చూసుకోండి.

ఎప్పటి డోసే వేసుకున్నా చెమటలు, వణుకు, కళ్లు తిరగడం

మొదట సీసా మీది అంకె చదవండి. మన దేశంలో మామూలు ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువగా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి. పెన్నులో పెట్టే మందు గొట్టంలో, అంటే కాట్రిడ్జిలో, సాధారణంగా 100. సీసాల్లోనూ 100వి కొన్ని ఉన్నాయి. ఒకసారి రాత్రిపూట నా పెన్ను పాడైంది. అమ్మ కాట్రిడ్జిలోంచి ఎర్రమూత సిరంజితో 12 గీత దాకా మందు లాగి వేసింది. ఆ సిరంజి 40 లెక్కది. నా ఒంట్లోకి వెళ్లింది 12 కాదు, 30 యూనిట్లు. తెల్లవార్లూ నాకు పంచదార నీళ్లు పడుతూనే ఉంది పాపం. తప్పు ఆవిడది కాదు, ఆ తేడా మాకెవరూ చెప్పలేదు.

40 సీసాకు ఎర్రమూత సిరంజి, 100 సీసాకు నారింజమూత సిరంజి. కాట్రిడ్జిలోంచి సిరంజితో ఎప్పుడూ లాగకండి. తిరగేసి వాడినా ముప్పే. 40 సీసా మందును నారింజమూత సిరంజితో తీస్తే 12 అనుకున్నది అయిదు యూనిట్లు కూడా ఉండదు, షుగరు ఎక్కిపోతుంది.

అంకె సరిగానే ఉంటే ముందురోజు పని గుర్తుచేసుకోండి. ఉడుపులకో జీడితోటకో వెళ్లి ఒళ్లు వంచితే ఆ రాత్రి, ఒక్కోసారి మర్నాడు పొద్దున కూడా షుగరు పడిపోతుంది.

షుగరు మీటరులో 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలుపుకుని తాగండి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. పెరగకపోతే మళ్లీ అంతే. కుదుటపడ్డాక అన్నం తినండి. ఛెనాపోడా (విరిగిన పాలతో చేసే ఒడియా మిఠాయి), చాక్లెట్టు ఈ పనికి రావు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు ఒత్తిగిల్లజేసి 108కి ఫోను చెయ్యండి.

షుగరు మాటిమాటికీ పడిపోతుంటే కొన్నాళ్లకు చెమటా వణుకూ రావడం మానేస్తాయి. ఇది నయమవడం కాదు, హెచ్చరిక పోవడం. వెంటనే డాక్టరుకు చెప్పండి. కొన్ని వారాలు షుగరు పడిపోకుండా కాపాడుకుంటే ఆ హెచ్చరిక చాలామందికి తిరిగి వస్తుంది.

ఎంత వేసినా షుగరు దిగడం లేదు

పొట్ట మీద, తొడల మీద తడిచేత్తో నెమ్మదిగా తడమండి. ఎక్కడైనా మెత్తగా, ఉబ్బుగా, రబ్బరులా తగిలితే కారణం దొరికినట్టే. ఒకే చోట ఏళ్ల తరబడి పొడిస్తే కొవ్వు గడ్డ కడుతుంది, దానిలో వేసిన మందు సరిగా ఒంటికి పట్టదు. అక్కడ నొప్పి ఉండదు గనుక మనకు అక్కడే పొడుచుకోవాలనిపిస్తుంది. నేనూ పదేళ్లు అదే చేశాను. ఆ చోటు వదిలెయ్యండి. రోజూ వేలెడు దూరం జరుపుతూ వెయ్యండి, సూది మారుస్తుండండి. ఒక జాగ్రత్త: కొత్త చోట మందు ఒక్కసారిగా పూర్తిగా పనిచేస్తుంది. డోసు తగ్గించాలేమో డాక్టరును ముందే అడగండి, ఆ వారం మీటరు ఎక్కువసార్లు చూడండి.

గడ్డలు లేకపోతే ఎండను అనుమానించండి. తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐసు గడ్డకట్టే అరలో మాత్రం కాదు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పారెయ్యాల్సిందే. తెరిచిన సీసా మీద తేదీ రాసుకోండి, చాలా రకాలకు నాలుగు వారాలే గడువు. ఫ్రిజ్ లేని కొండ ఊళ్లలో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, దానిలో మూత బిగించిన డబ్బాలో ఇన్సులిన్ ఉంచితే వేసవి గడుస్తుంది. నీళ్లలా ఉండాల్సిన మందు మసకబారినా, పాలలా ఉండాల్సినది అరచేతుల మధ్య దొర్లించాక కూడా ముద్దలుగా మిగిలినా వాడకండి.

రాత్రి బాగానే ఉంది, పొద్దున 250

రెండు మూడు రోజులు తెల్లవారుజామున మూడింటికి లేచి చూడండి. అప్పుడు తక్కువుంటే రాత్రి మందు ఎక్కువైందేమో. అప్పుడు సరిగ్గా ఉండి తర్వాత ఎక్కితే అది వేకువ హార్మోన్ల పని. అప్పటికే ఎక్కువుంటే రాత్రి భోజనం వైపు చూడాలి. మూడు కారణాలకూ మందు మార్చే తీరు వేరు. ఆ అంకెలు రాసి తీసుకెళ్తే డాక్టరు ఊహించాల్సిన పని ఉండదు.

“పఖాళే తిన్నాను, చోడి అంబలే తాగాను, ఎందుకు పెరిగింది?”

పఖాళ అంటే నీళ్లలో పులిసిన అన్నం. పులిసినా అన్నం అన్నమే. చోడి (రాగి) పిండిలో పిండిపదార్థం బియ్యానికి దాదాపు సమానం, పైగా పలచగా తాగితే తొందరగా అరుగుతుంది. మానొద్దు, కొలిచి తినండి. రోజూ ఒకే గిన్నె వాడండి, పక్కన పప్పో చేపో పెట్టుకోండి.

జ్వరం, వాంతులు, తిండి లేదు

తిండి లేదని ఇన్సులిన్ మానడమే మన ఇళ్లలో జరిగే అతి పెద్ద ప్రమాదం. జబ్బు చేస్తే ఒంటికి మందు ఇంకా ఎక్కువ కావాల్సి రావచ్చు. రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఆపొద్దు. మూడు నాలుగు గంటలకోసారి షుగరు చూడండి. 250 దాటితే మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూసే పట్టీ వాడండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, ఆయాసంగా లోతైన ఊపిరి, నోట్లో పండిన పండు వాసన ఉంటే తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి బయలుదేరండి.

మనది మలేరియా ప్రాంతం. జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించండి. ముదిరిన మలేరియా, దానికి ఒక్కోసారి ఇచ్చే క్వినైన్ మందు రెండూ షుగరును పడగొడతాయి.

మీటరు ఒకటంటుంది, మూడునెలల పరీక్ష ఇంకొకటంటుంది

మూడు నెలల సగటు షుగరు చెప్పే ఆ పరీక్ష పేరు హెచ్‌బీఏ1సీ. అది ఎర్రరక్తకణాల మీద ఆధారపడిన లెక్క. ఒడిశాలో సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా. సికిల్ సెల్ ఉన్నా, రక్తహీనత ఉన్నా ఆ అంకె తప్పుదారి పట్టించవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉంటే డాక్టరుకు చెప్పండి, మీటరు అంకెలు రాసుకున్న పుస్తకం ముందు పెట్టండి, గత రెండు మూడు వారాల షుగరు చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష కుదురుతుందేమో అడగండి.

టైప్ 1 షుగరు వచ్చి అయిదేళ్లు దాటితే ఏడాదికోసారి కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి వచ్చే ప్రొటీను) చూపించుకోవాలి. పాదాలు మాత్రం రోజూ మీరే చూసుకోవాలి. ఇక ఆ పుస్తకం మొదటి పేజీలో ఇన్సులిన్ పేరు, 40దా 100దా, ఏ పూట ఎన్ని యూనిట్లు అన్నది ఒడియాలోనూ తెలుగులోనూ రాసి ఉంచండి. పర్లాకిమిడిలో పడిపోయినా పాతపట్నంలో పడిపోయినా పక్కనున్నవాళ్లు చదవగలగాలి.