గ్యాస్ లైను లేని ఊళ్ళో బాయిలర్ ఆగిపోతే: మార్చే ముందు చూసుకోవాల్సినవి

బ్రిటన్‌లో పల్లెవైపు ఇల్లు తీసుకున్న మనవాళ్ళకు మొదటి చలికాలంలోనే ఒక సంగతి అర్థమవుతుంది. వీధిలో గ్యాస్ పైపు ఉండదు. పెరట్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు, అందులో కిరోసిన్, దానితో నడిచే బాయిలర్, అంతే. హెరెఫర్డ్‌షైర్‌లో మా ఇల్లూ ఇలాంటిదే. ఒక జనవరి ఉదయం మా బాయిలర్ ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ పది నిమిషాలు చూసి, "దీని పని అయిపోయిందండీ, కొత్తది పెట్టించుకోండి" అన్నాడు. ఇంట్లో చంటిపిల్ల, బయట మైనస్ నాలుగు. ఆ టెన్షన్‌లో సరే అనేయబోయాం. మర్నాడు ఇంకో ఆయన వచ్చి ట్యాంకు దగ్గర ఫిల్టర్ విప్పితే, గిన్నె అడుగున బొటనవేలంత మంచుగడ్డ కనిపించింది. చెడింది బాయిలర్ కాదు.

ఎర్ర లైటు వెలిగి, బాయిలర్ అంటుకోవడం లేదు

ముందు ట్యాంకులో ఆయిల్ ఉందో లేదో కళ్ళతో చూడండి. గేజి ఒక్కోసారి ఇరుక్కుపోయి అబద్ధం చెబుతుంది. ఆయిల్ ఉంటే తర్వాతి అనుమానం నీళ్ళ మీద. ట్యాంకు లోపల పట్టిన చెమ్మ నీరై అడుగుకు చేరుతుంది, అక్కడి నుంచి ఫిల్టర్‌లోకి వస్తుంది. ఇక్కడి చలికి కిరోసిన్ గడ్డకట్టదు, గడ్డకట్టేది ఆ నీళ్ళే. ఆయిల్ చిమ్మే నాజిల్ మూసుకుపోయినా, మంటను గమనించే ఫొటోసెల్‌కు మసి పట్టినా లాకౌట్ అవుతుంది, అంటే బాయిలర్ తనంతట తానే ఆగి ఎర్ర లైటు చూపిస్తుంది.

రీసెట్ బటన్ రెండుసార్లకు మించి నొక్కకండి. నొక్కిన ప్రతిసారీ లోపలికి ఆయిల్ చిమ్ముతుంది. అది అక్కడే చేరి ఒక్కసారిగా అంటుకుంటే ప్రమాదం. ఆయిల్ హీటింగ్ పనివాళ్ళను నమోదు చేసే ఆఫ్‌టెక్‌లో ఉన్న టెక్నీషియన్‌ను పిలవండి. ఫిల్టర్, నాజిల్ మార్చడం ఏటా జరిగే సర్వీసు పని, బాయిలర్ మార్చడానికి అది కారణం కాదు.

గడగడమని చప్పుడు చేసి, గడ్డకట్టే చలిలోనే ఆగిపోతోంది

2007 తర్వాత పెట్టినదైతే అది దాదాపుగా కండెన్సింగ్ బాయిలర్. పొగలోని ఆవిరి నీరై బయటికి పోయే సన్నపైపు ఉంటుంది. అది గడ్డకడితే ఇలా అవుతుంది. పైపు మీద గోరువెచ్చని నీళ్ళు పోయండి, మరిగే నీళ్ళు వద్దు. తర్వాత లావు పైపు వేయించి తొడుగు తొడిగిస్తే మళ్ళీ రాదు.

రేడియేటర్ సగం వేడి, సగం చల్లన

పైన చల్లగా ఉంటే గాలి చేరింది, చిన్న తాళంతో గాలి తీసేస్తే సరి. కింద చల్లగా ఉంటే లోపల తుప్పు మడ్డి పేరుకుంది. నీళ్ళు నల్లగా వస్తే అదే గుర్తు. పైపులు కడిగించి, మాగ్నెటిక్ ఫిల్టర్ పెట్టించి, తుప్పు పట్టకుండా మందు కలపాలి. కడిగించకుండా కొత్త బాయిలర్ బిగిస్తే ఆ మడ్డి దాన్నీ తినేస్తుంది.

పదేపదే వెలిగి ఆరుతోంది, ఆయిల్ తెగ తాగుతోంది

బాయిలర్ ఇంటికి మించి పెద్దదైతే ఇలా అవుతుంది. నేను ఎక్కువ బాధపడేది ఈ విషయంలోనే. పాతదాని మీద 26 కిలోవాట్లని ఉంటే కొత్తదీ 26 పెట్టేస్తారు. ఇల్లు ఎంత వేడి కోల్పోతోందో ఎవరూ లెక్క కట్టరు.

మీరే కట్టవచ్చు. బయట సున్నా దగ్గర ఉన్న రోజున హీటింగ్‌ను రాత్రీ పగలూ ఒకే ఉష్ణోగ్రత మీద ఉంచి, బర్నర్ మొత్తం ఎన్ని గంటలు మండిందో రాసుకోండి. మేము ఇంట్లోవాళ్ళం వంతులేసుకుని రాశాం. 24 గంటల్లో 6.3 గంటలు వచ్చింది. 26ను 6.3తో గుణించి 24తో భాగిస్తే 6.8 కిలోవాట్లు. ఇంకా చలి రోజుల కోసం కొంత కలుపుకున్నా ఎనిమిది దాటదు. మా ఇంటికి కావలసినదానికి మూడింతల బాయిలర్ అన్నమాట! ఈ లెక్క పక్కా సర్వేకు బదులు కాదు. గదిగదికీ కొలిచే హీట్ లాస్ లెక్క అడగండి. అది చేయనన్నవాళ్ళకు పని ఇవ్వకండి.

నిజంగానే పోయింది. ఇప్పుడేది?

మంట వేడిని నీళ్ళకు అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ కారుతున్నా, ఇరవై ఏళ్ళదై విడిభాగాలు దొరకకపోయినా మార్చాల్సిందే.

మళ్ళీ ఆయిల్‌దా, ఎల్‌పీజీదా అంటే: కిరోసిన్ లీటరుకు సుమారు 10 యూనిట్ల వేడి ఇస్తుంది, ఎల్‌పీజీ 7. లీటరు ధరలు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇది మరిచిపోతారు. ఇక్కడి ఎల్‌పీజీ ట్యాంకుల్లో ఉండేది ప్రొపేన్. మన వంటింటి సిలిండర్‌లో బ్యూటేన్ ఎక్కువ, అది ఈ చలికి ఆవిరి కాదు. ఎల్‌పీజీ పనికి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళే రావాలి. ట్యాంకు చాలాసార్లు సరఫరాదారుదే అయి ఉంటుంది కాబట్టి ఒప్పందం చదవండి.

ఎలక్ట్రిక్ బాయిలర్ చవగ్గా బిగిస్తారు, బిల్లు మాత్రం గుండె ఆగేలా వస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే. పైగా 12 కిలోవాట్లది 52 ఆంపియర్లు లాగుతుంది, ఇంటి మెయిన్ ఫ్యూజు 60 అయితే ఇక మిగతావాటికి ఏముంటుంది? చిన్న ఫ్లాటుకు తప్ప నేను చెప్పను.

బయటి వేడిని లాగి ఇంట్లోకి తెచ్చే హీట్ పంప్‌ను బాగా డిజైన్ చేస్తే ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద 7,500 పౌండ్ల గ్రాంటును 2023 సెప్టెంబరులో ప్రకటించి, అక్టోబరులో అమల్లోకి తెచ్చారు. ఎంసీఎస్ (ఇలాంటి పరికరాలు బిగించేవాళ్ళకు ఇచ్చే ధ్రువీకరణ) గుర్తింపు ఉన్న ఇన్‌స్టాలరే దరఖాస్తు పెడతాడు.

"దానితో ఇల్లు వెచ్చబడదు" అని భయపెడతారు. దానికీ పరీక్ష ఉంది. పాత బాయిలర్ ఇంకా నడుస్తుంటే, చలి రోజుల్లో దాని నీటి వేడిని 50 డిగ్రీలకు తగ్గించి రెండు మూడు రోజులు చూడండి. స్నానాల నీటి ట్యాంకును మాత్రం ఇమ్మర్షన్ హీటర్‌తో 60 దగ్గరే ఉంచాలి, తగ్గిస్తే లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. ఇల్లు వెచ్చగా నిలిస్తే మీ రేడియేటర్లు సరిపోతాయి. ఒక గది చల్లబడితే ఆ గదికి పెద్ద రేడియేటర్ వేస్తే చాలు. మాకు ఉత్తరం వైపు పడకగది ఒక్కటే చల్లబడింది.

ఇన్‌స్టాలర్‌కు ఒక మాట ముందే చెప్పండి: ఇండియా నుంచి అమ్మానాన్నలు చలికాలంలో వస్తారా? ఇక్కడి లెక్కలు సాధారణంగా హాలుకు 21 డిగ్రీలు అని వేస్తారు. మా అత్తయ్యగారికి 23 ఉంటే గానీ చేతులు కదలవు. ఆ రెండు డిగ్రీలు లెక్కలోకి వెళ్ళాలి. వారాంతంలో ఇంటిల్లిపాదీ తలస్నానాలు చేస్తే నీటి ట్యాంకు ఎన్ని లీటర్లది కావాలో కూడా అప్పుడే తేల్చుకోండి.