క్రాస్ కంట్రీ స్కీయింగ్: మంచు దారి చూసుకోవడం, జంతువు ఎదురైతే ఏం చేయాలి

క్రాస్ కంట్రీ స్కీయింగ్ అంటే కాళ్లకు స్కీలు, అంటే పొడవాటి సన్నని పలకలు, కట్టుకుని మంచు మీద జారుతూ దూరం వెళ్లడం. బయల్దేరే ముందు ఇప్పటి ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే సరిపోదు, నిన్న మధ్యాహ్నం మంచు కరిగిందా, రాత్రి మళ్లీ గడ్డకట్టిందా అన్నది కూడా చూడాలి. అలా కరిగి గడ్డకట్టిన దారి పొద్దున్నే గాజులా ఉంటుంది, స్కీ ఆనగానే గరగరమని చప్పుడొస్తుంది, కాలికి పట్టు దొరకదు. ఆ రోజు కాస్త ఎండెక్కాక వెళ్లండి. సున్నా డిగ్రీల దగ్గర కొత్త మంచు పడితే మాత్రం స్కీ అడుగున ముద్దలుగా అంటుకుంటుంది, స్కీ అడుగున పూసే మైనం, అంటే వ్యాక్స్, సరైనది ఎంచుకోవడమూ కష్టమే.

ఇక జంతువులు. నాకు ఎక్కువ టెన్షన్ మూస్‌తోనే, గుర్రమంత ఎత్తుండే దుప్పి జాతి జంతువు అది. లోతు మంచులో నడిస్తే త్వరగా అలసిపోతుంది కాబట్టి గట్టిపడిన మన ట్రాక్ మీదకే వస్తుంది, వస్తే దారి దానిదే. చెవులు వెనక్కి వాల్చి, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడిచాయంటే మీదికి రాబోతోందని అర్థం. వెంటనే వెనక్కి తగ్గి లావుపాటి చెట్టు చాటుకు వెళ్లిపోండి. ఫోటో కోసం దగ్గరికి వెళ్లకండి, దయచేసి. చలికాలంలో దానికి తిండి తక్కువ, మనల్ని చూసి బెదిరి పరిగెత్తిన ప్రతిసారీ ఒంట్లో దాచుకున్న కొవ్వు ఖర్చవుతుంది. కుక్క వెంట ఉంటే తాడు విప్పొద్దు.

కోడి జాతికి చెందిన గ్రౌస్ పక్షులైతే మంచు లోపలే గుంత చేసుకుని పడుకుంటాయి, మనం పక్కకి రాగానే మంచు చిమ్ముతూ టపటపమని పైకి లేస్తాయి. గుండె ఝల్లుమంటుంది, కంగారుపడి పడిపోకండి.