మ్యాగజైన్ పేజీల్లో ఒత్తులు ఎలా దారికొచ్చాయంటే

కాలేజీ మ్యాగజైన్ లేఅవుట్లు చేస్తూ చేస్తూనే నాకు డిజైన్ ఒంటబట్టింది. అన్నిటికంటే సతాయించింది పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో తెలుగు. ‘స్త్రీ’ అని కొడితే పొల్లులతో ముక్కలు ముక్కలుగా పడేది. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకున్నాక అక్షరాలు కుదురుకున్నాయి.

అయినా పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతూనే ఉండేవి. 11 పాయింట్ల అక్షరానికి లీడింగ్‌ని, అంటే ఒక వరుస నుంచి తర్వాతి వరుసకి ఉండే దూరాన్ని, 13 నుంచి 17కి పెంచితే ఆ గొడవ వదిలింది. కవితలకైతే ఇంకాస్త ఎక్కువే ఇస్తాను, అదో పిచ్చి నాకు.

వాట్సాప్ ఫొటోలు తీసుకోను. అచ్చయ్యే సైజులో 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) ఉండే ఒరిజినల్ ఫైలే అడుగుతాను. పిన్నులు కొట్టే పుస్తకం కనక పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి. అలా ఖాళీగా మిగిలిన పేజీలు బొమ్మలు వేసేవాళ్లకిస్తున్నాను.