బోస్టన్ మారథాన్‌కి చలికాలంలో తయారవడం ఎలా? కాళ్లు పాడుచేసుకోకుండా ఏప్రిల్ దాకా చేరాలంటే

బోస్టన్ మారథాన్ ఏప్రిల్ మూడో సోమవారం. రేసుకి 18 వారాల తయారీ కావాలి కాబట్టి డిసెంబరు మధ్యలో మొదలుపెట్టక తప్పదు. అంటే తయారీలో ఎక్కువ వారాలు చలికాలంలోనే పడతాయి. ఇక్కడ మసాచుసెట్స్‌లో ఉండే మన తెలుగువాళ్లలో కొందరు వేరే మారథాన్‌లో కావలసిన టైము తెచ్చుకుని క్వాలిఫై అయి, కొందరు ఛారిటీ బిబ్ (సేవాసంస్థకి విరాళాలు పోగుచేసి తీసుకునే రేసు నంబరు) తీసుకుని ఈ రేసుకి దిగుతున్నారు. చూడ్డానికి చాలా సంతోషంగా ఉంటుంది. కానీ మార్చి వచ్చేసరికి అందులో ఎవరో ఒకరు కుంటుతూ కనబడతారు. ఏమైందంటే "చలికి పట్టేసిందండీ" అంటారు.

చలికి ఎవరి ఎముకా చిట్లదు. మంచు తుఫాను వల్ల పోయిన మైళ్లన్నీ ఒక్క శనివారం పరిగెత్తేయాలని చూస్తే చిట్లుతుంది. ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు గానీ, నాలుగో మెట్టు మాత్రం రెండుసార్లు చదవండి.

మొదటి మెట్టు: లెక్క

రేసు రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి 18 వారాలు రాసుకోండి. మొదలుపెట్టే నాటికే వారానికి 20 మైళ్లు సులువుగా పరిగెత్తగలగాలి. అంత లేకపోతే ఈసారికి వదిలేసి, వేసవిలో తయారై అక్టోబరులో వచ్చే రేసు చూసుకోవడం మంచిది.

వారానికి నాలుగు రోజుల పరుగు చాలు: ఒక లాంగ్ రన్ (వారంలోకెల్లా పొడుగైన పరుగు), ఒక కొండల పరుగు, రెండు తేలిక పరుగులు. ఆరు రోజుల ప్లాన్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. ఉద్యోగం, పిల్లలు, డ్రైవ్‌వేలో మంచు తవ్వడం, ఇవన్నీ ఉన్న మనిషికి అవి పనికిరావు. మూడు వారాలు పెంచి, నాలుగో వారం తగ్గించాలి. లాంగ్ రన్ 20 మైళ్లు దాటనివ్వకండి, ఆ ఇరవయ్యీ మొత్తం మీద రెండు మూడుసార్లే.

సంక్రాంతికి ఇంటికి వెళ్లేవాళ్లు ఆ వారాలని ముందే తగ్గింపు వారాలుగా రాసేసుకోండి. హైదరాబాదులో అయితే తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు, విశాఖలో అయితే బీచ్ రోడ్డు, రోజు విడిచి రోజు గంటసేపు పరిగెత్తితే సరిపోతుంది. అరిసెలు మానక్కర్లేదు. తిరిగొచ్చాక మొదటి వారాంతం మాత్రం, జెట్‌లాగ్‌తో సరిగా నిద్రలేని ఒంటితో లాంగ్ రన్‌కి వెళ్లొద్దు.

రెండో మెట్టు: బట్టలు

బయట ఫారెన్‌హీట్‌లో 25 డిగ్రీలుంటే 45 ఉన్నట్టు వేసుకోండి. గుమ్మం దాటిన మొదటి అయిదు నిమిషాలు చలేస్తేనే సరిగ్గా వేసుకున్నట్టు. నూలు బట్ట ఒంటికి తగలకూడదు, చెమటకి తడిసి చల్లబడిపోతుంది. లోపల పల్చటి మెరీనో ఉన్ని చొక్కా, పైన గాలి ఆపే జాకెట్, టోపీ, మఫ్లర్. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే మిటెన్లు వెచ్చన. ఎనర్జీ జెల్ మిటెన్ లోపల పెట్టుకోండి, జేబులో ఉంటే గట్టిపడిపోతుంది. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి తలకిందులుగా పెట్టుకుంటే మూతి గడ్డకట్టదు.

డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే పొద్దుగూకుతుంది. మెరిసే చొక్కా, తలకి లైటు లేకుండా రోడ్డెక్కకండి. కార్లకి ఎదురుగానే పరిగెత్తాలి.

మూడో మెట్టు: ఎక్కడ పరిగెత్తాలి

మంచు కంటే ప్రమాదం బ్లాక్ ఐస్. పగటి ఎండకి కరిగిన నీరు రాత్రికి తారు మీద పల్చగా గడ్డకడుతుంది. తడి రోడ్డులాగే కనబడుతుంది, కాలు పెట్టాకే తెలుస్తుంది. అందుకే ముందురోజు మంచు కరిగి, రాత్రి 32 డిగ్రీల కంటే దిగితే, పొద్దున్నే బయటికి వెళ్లడం మానేసి మధ్యాహ్నం పన్నెండు తర్వాత వెళ్లండి. వారం రోజుల్లో ఏదైనా లంచ్ వేళ నలభై నిమిషాలు ఖాళీ చేసుకుంటే, తెల్లారి అయిదింటికి చీకట్లో పడే పాట్లన్నీ తప్పుతాయి.

లాంగ్ రన్‌కి బోస్టన్ పక్కనే ఉన్న న్యూటన్‌లో కామన్‌వెల్త్ అవెన్యూ పక్కనుండే క్యారేజ్ రోడ్డుకి మించింది లేదు. శనివారం పొద్దున జనవరిలో కూడా అక్కడ గుంపులు గుంపులుగా పరిగెత్తుతుంటారు. రేసులో 20, 21 మైళ్ల మధ్య వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్ కూడా ఆ దారిలోనే ఉంది. తుఫాను వెళ్లిన వారంలో మామూలు రోడ్ల పక్కన మంచు కుప్పలు పేరుకుని మనల్ని వాలుగా ఉండే అంచు మీదికి నెడతాయి. గంటల తరబడి ఒకే వైపు వాలు మీద పరిగెత్తితే మోకాలి బయటివైపు నొప్పి పట్టుకుంటుంది. ఆ వారం చదునైన చోటే వెతుక్కోండి.

విండ్ చిల్ (గాలితో కలిపి ఒంటికి తెలిసే చలి) ఫారెన్‌హీట్‌లో సున్నా కంటే దిగితే ట్రెడ్‌మిల్. మైనస్ 19 దగ్గర బయటున్న చర్మం అరగంటలో ఫ్రాస్ట్‌బైట్‌కి గురవుతుంది, అంటే గడ్డకట్టి దెబ్బతింటుంది, అందులో ధైర్యం చూపించాల్సిందేమీ లేదు. అయితే శీతాకాలమంతా ట్రెడ్‌మిల్ మీదే గడిపేయకండి. బోస్టన్ దారి మొదటి మైళ్లు పల్లంలోకి దిగుతుంది. తొడ కండరాలకి ఆ దెబ్బ అలవాటు కావాలంటే నిజమైన రోడ్డు మీద దిగి ఉండాలి. ట్రెడ్‌మిల్ మీద మాత్రమే తయారైనవాళ్లు న్యూటన్ కొండలు చేరేలోపే తొడలు రాయిలా బిగుసుకుని నడక మొదలుపెడతారు.

తేలిక పరుగు అంటే నిజంగా తేలికగానే. అమ్మతో ఫోన్లో ఆయాసపడకుండా మాట్లాడగలిగే వేగం. వాచీలో పేస్ చూసుకోవడం ఆపండి, మంచులో దానికి అర్థం లేదు.

నాలుగో మెట్టు: తప్పిన పరుగు, మొదలైన నొప్పి

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే.

మైళ్లు పెంచినప్పుడు గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అందుకుంటాయి. ఎముకకి నెలలు పడుతుంది. పైగా కొత్త బరువు పడగానే ఒళ్లు ముందు పాత ఎముకని కొంత తీసేసి, ఆ తర్వాత గట్టి ఎముకని కడుతుంది. ఆ మధ్యకాలంలో, అంటే మూడు నాలుగు వారాలు, ఎముక ముందుకంటే బలహీనంగా ఉంటుంది. ఊపిరి ఆడుతోంది, కాళ్లు ఊపు మీదున్నాయి, ఇంకో నాలుగు మైళ్లు వెళ్దామనిపిస్తుంది. మోకాలి కింది ఎముక మాత్రం అప్పటికి సిద్ధంగా ఉండదు. నొప్పులు తరచు నాలుగైదు వారాలకి బయటపడేది అందుకే.

ఇప్పుడు ఒక మామూలు ఫిబ్రవరి వారం చూడండి. ప్లాన్ ప్రకారం మంగళవారం 5, బుధవారం 6, గురువారం 5, శనివారం 16, మొత్తం 32 మైళ్లు. సోమవారం రాత్రి నార్‌ఈస్టర్, అంటే ఇక్కడి పెద్ద మంచు తుఫాను, వచ్చింది. మంగళవారం స్కూళ్లు మూసేశారు, బుధవారం సైడ్‌వాక్ కనబడలేదు, గురువారం ఆఫీసు పని మీద పడింది. శనివారానికి ప్లాన్ షీట్‌లో మూడు ఖాళీ గళ్లు. వాటిని చూసి మనసు ఊరుకోదు. పదహారు కాస్తా ఇరవై చేసి, "సరే, కొంతైనా కలిసింది" అని తృప్తిపడతారు.

తప్పిన పరుగు బాకీ కాదు. దాన్ని ఎవరూ అడగరు, మీరూ తీర్చొద్దు. ఆ శనివారం చేయాల్సింది 13, 14 మైళ్లు. కాళ్లు ఎంత తేలికగా ఉన్నా అక్కడితో ఆపి ఇంటికి రావాలి. ఒకటి రెండు రోజులు తప్పితే వాటి సంగతి మరిచిపోండి. వారం మొత్తం పోతే, దానికి ముందు వారం ప్లాన్‌ని మళ్లీ చేయండి. రెండు వారాలు పోతే పోయిన చోటు నుంచి మూడో వంతు తగ్గించి మొదలుపెట్టండి. వారానికి పది శాతం పెంచాలనే సూత్రం చాలామంది చెబుతారు, నాకది నచ్చదు. ఎముకకి శాతాలు తెలియవు. ఇలా ఆగి మళ్లీ మొదలుపెట్టాక రెండు వారాలు ఒకే మైళ్లు నిలబెట్టి, నొప్పి లేదని చూసుకుని అప్పుడు పెంచడమే సరైన పద్ధతి.

అయినా నొప్పి వచ్చిందనుకోండి. ముందు ఇది తేల్చుకోండి: నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించగలరా?

అరచేయి అంత మేర, కాలి ఎముక లోపలి అంచు పొడుగునా సలపరంగా ఉండి, మొదటి మైలు దాటాక తగ్గుతుంటే అది సాధారణంగా షిన్ స్ప్లింట్స్. మైళ్లు సగానికి తగ్గించి, కొండలు, వేగం ఆపి, జాగ్రత్తగా కొనసాగించవచ్చు. అలాకాకుండా ఎముక మీద నాణెమంత చోట నొక్కితే ప్రాణం పోతోందా, మైలు మైలుకీ పెరుగుతోందా, రాత్రి పడుకున్నా సలుపుతోందా, ఆ ఒంటికాలి మీద ఒక్క గెంతు వేస్తే గుచ్చుకుంటోందా, అయితే స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడిన భారానికి ఎముకలో వచ్చే సన్నటి చిట్లు) అనుకుని ఆ క్షణంలోనే ఆపాలి. "ఈ మైలు పూర్తిచేసి ఆపుతా" అనొద్దు. నడవడం కూడా వద్దు, ఊబర్ పిలవండి.

డాక్టరు దగ్గర ఎక్స్‌రే శుభ్రంగా వచ్చిందని మురిసిపోకండి. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో తరచు కనబడదు. నొప్పి అలాగే ఉంటే ఎమ్మారై గురించి అడగండి. కాలి ఎముకలో చిన్న చిట్లు అయితే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఆపితే మానుతుంది. పట్టించుకోకుండా పరిగెత్తితే ఏడాదే పోవచ్చు.

గజ్జలో లోపలెక్కడో, బరువు మోపినప్పుడల్లా వచ్చే నొప్పి అన్నిటికంటే ప్రమాదం. అది తుంటి ఎముక మెడ దగ్గర చిట్లు కావచ్చు. పూర్తిగా విరిగితే ఆపరేషనే గతి. అది తేలేదాకా పరుగు పేరే ఎత్తొద్దు.

కండరం, మడమ వెనకుండే స్నాయువు (అకిలిస్ టెండన్) లాంటి చోట్ల నొప్పికి లెక్క వేరు. పదికి ఎన్ని మార్కులో మీకు మీరే వేసుకోండి. మూడు లోపల ఉండి, నడక మారకుండా, మర్నాడు పొద్దున నిన్నటికంటే ఎక్కువ కాకుండా ఉంటే సగం దూరం పరిగెత్తవచ్చు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా రెండు రోజులు సెలవు. మూడోది చాలామంది చూసుకోరు. పరిగెత్తేటప్పుడు ఒళ్లు వేడెక్కి నొప్పి దాక్కుంటుంది, నిజం చెప్పేది మర్నాడు మంచం దిగిన మొదటి పది అడుగులు. బాత్‌రూమ్‌కి వెళ్లేదాకా కుంటుతున్నారంటే ఆ రోజు పరుగు లేదు.

పరుగుకి ముందు ఇబుప్రొఫెన్ వేసుకోవడం దయచేసి మానండి. ఆగమని చెప్పే నొప్పిని అది నొక్కేస్తుంది, చెమట పోయి నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాలకి ఇంకా భారం. అమృతాంజనం చర్మాన్ని వెచ్చబరుస్తుంది, ఎముక దాకా వెళ్లదు.

రెండు వారాలు ఆగితే ఫిట్‌నెస్ అంతా పోతుందన్న భయమే మనుషుల్ని గాయం మీద పరిగెత్తిస్తుంది. అంత పోదు. దగ్గర్లోని వైఎంసీఏ ఈతకొలనులో నడుముకి తేలే బెల్టు కట్టుకుని, కాళ్లు అడుక్కి తగలకుండా లోతు నీళ్లలో పరిగెత్తండి. గుండెకి పని దొరుకుతుంది, ఎముకకి విశ్రాంతి దొరుకుతుంది. సైకిల్ కంటే ఇదే మేలు, కాళ్ల కదలిక పరుగుకి దగ్గరగా ఉంటుంది.

అయిదో మెట్టు: ఎముకకి తిండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బోస్టన్ ఎండలో మన చర్మం విటమిన్ డి తయారు చేసుకోలేదు, సూర్యుడు అంత వాలుగా ఉంటాడు. మన రంగు చర్మానికి మామూలు రోజుల్లోనే ఎండ ఎక్కువసేపు కావాలి. అందుకని డిసెంబరులో రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోండి. శాకాహారులు బీ12, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా చూపించుకోవాలి. ఆడవాళ్లకి మైళ్లు పెరిగాక నెలసరి ఆగితే అది తిండి చాలడం లేదన్న సూచన, ఎముక బలం తగ్గుతోందన్న సూచన. వెంటనే డాక్టరుని కలవండి.

లాంగ్ రన్ ముందు రాత్రి పెరుగన్నం, ఆవకాయ లేకుండా. పొద్దున రెండు ఖర్జూరాలు, కాఫీ. చలిలో దాహం తెలియదు కాబట్టి దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు ఒంటికాలి మీద మడమలెత్తడం, గుంజీళ్లు. ఇది టీవీ ముందు కూడా చేసుకోవచ్చు.

ఆరో మెట్టు: చివరి మూడు వారాలు

మైళ్లు తగ్గించండి. మొదటి వారం పావు వంతు, రెండో వారం సగం, రేసు వారం రెండు మూడు చిన్న పరుగులు. లేని నొప్పులన్నీ అప్పుడే కనబడతాయి. వాటిని కూడా పై లెక్క ప్రకారమే చూడండి, కంగారు వద్దు.

ఏప్రిల్ వాతావరణాన్ని నమ్మొద్దు. 2012లో రేసు రోజు ఎండ మండిపోయింది, 2018లో ఎదురుగాలితో చలివాన కురిసింది. ఆ వానలోనే డెజిరే లిండెన్ గెలిచింది, 1985 తర్వాత ఒక అమెరికన్ మహిళ బోస్టన్ గెలవడం అదే మొదలు. రెండు రకాల బట్టలూ సర్దుకోండి. బస్సులు రేసు మొదలయ్యే ఊరు హాప్కింటన్‌లో దింపాక రేసు మొదలయ్యేదాకా బయట చాలాసేపు కూర్చోవాలి. వదిలేయడానికి పాత స్వెటర్ ఒకటి, కింద పరుచుకోవడానికి చెత్త సంచీ ఒకటి, పొడి సాక్సులు ఒక జత తీసుకెళ్లండి. స్టార్ట్ లైన్‌కి వెళ్లే ముందే సాక్సులు మార్చుకోండి, తడి సాక్సులతో మొదలుపెడితే సగం దారిలో ఉండే వెల్స్లీ చేరేసరికి బొబ్బలెక్కుతాయి.